ఏడూ పాయింట్ రెండు

డిగ్రీ ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబులో అందరికంటే ముందు నేర్చుకునేది కెమిస్ట్రీ కాదు, రీడింగు వండటం. జవాబు ఎంత రావాలో ముందే తెలిస్తే చాలు. బ్యూరెట్టులో మొదటి గీత ఎక్కడుండాలో, చివరి గీత ఎక్కడుండాలో వెనక నుంచి ముందుకు లెక్కేసుకుని, మూడు వరసల్లో మూడు అంకెలు రాసి, నమ్మకం కుదరడానికి ఒకదాన్ని కావాలనే ఒక్క పాయింటు తగ్గించి సార్ ముందు పెడితే ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది. మా సీనియర్లు అట్లాగే చేశారు. వాళ్ళ సీనియర్లూ అంతే. ఏ ప్రయోగానికి ఎంత రావాలో రాసిన చీటీ మా కాలేజీలో పాత రికార్డు పుస్తకాలతో పాటే ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి దిగుతుంది.

ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. మా నాన్న కుడిచెయ్యి ఎట్లా విరిగిందో చెప్పమంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి, అందుకని చెబుతున్నాను.

నా పేరు వెంగమాంబ. ఇంట్లో వెంగి అంటారు. మా ఊరు గుర్రాలదిన్నె, కాలేజీ ఉన్న టౌనుకి పద్నాలుగు కిలోమీటర్లు. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పదేళ్ళు నిండకుండానే పళ్ళ మీద పసుపు గార కడుతుంది. నలభై దాటేసరికి వెన్ను బిగుసుకుపోయి నడుము ముందుకి వంగుతుంది. మా నాన్న మాలకొండయ్యకి ముప్పై ఎనిమిదికే వంగింది. ఆయన మంగలి. మెడ ఎత్తలేడు కాబట్టి బస్టాండు పక్క బంకులో కుర్చీ తీసేసి, గడ్డం గీయించుకునేవాళ్ళని జానెడెత్తు పీట మీద కూర్చోబెట్టేవాడు. "మాలకొండయ్య దగ్గరికి పోతే ఎంత పెద్దోడైనా కింద కూర్చోవాల్సిందే" అని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చి మంచం మీద ఒత్తిగిలి పడుకునేటప్పుడు మాత్రం పళ్ళు కొరుక్కునేవాడు. ఆ చప్పుడు నాకు వినపడేది.

ఇక శ్రీకంఠం సార్. ఆయన మా కెమిస్ట్రీ లెక్చరర్. నేను బీఏలో చేరదామని వస్తే అడ్మిషన్ల బల్ల దగ్గర నా పళ్ళు చూసి "ఏ ఊరమ్మా?" అని అడిగారు. ఊరి పేరు చెప్పగానే, "నువ్వు చదవాల్సింది కెమిస్ట్రీ. మీ ఊరి రోగానికి మందు అందులోనే ఉంది" అని నా ఫారం తీసుకుని తన చేత్తోనే గ్రూపు మార్చి రాశారు. అప్పటిదాకా నా పళ్ళు చూసి ఎవరైనా మొహం పక్కకి తిప్పుకున్నారే గానీ, ఊరి పేరు అడిగినవాళ్ళు లేరు. ఆ రోజు నుంచి ఆయన మాటంటే నాకు వేదం. ఇప్పుడు కూడా చూడండి, 'అన్నారు', 'రాశారు' అనే రాస్తున్నాను. చెయ్యి అలవాటు మానలేదు.

ల్యాబు వెనక పాత సామాను గదిని సార్ తన సొంత ప్రయోగశాల చేసుకున్నారు. అక్కడ పదిహేనేళ్ళు కష్టపడి ఒక బిళ్ళ తయారుచేశారు. దాని సంగతి మాకు క్లాసులోనే చెప్పారు. ఇ.డి.టి.ఎ. పాఠం రోజు బోర్డు మీద ఒక పీత బొమ్మ వేశారు.

"ఇ.డి.టి.ఎ. అంటే ఇదిగో, ఈ పీత. కాల్షియం కనబడితే అన్ని కాళ్ళతోనూ పట్టుకుంటుంది, ఇక వదలదు. అందుకే నీళ్ళలో కాల్షియం ఎంతుందో దీంతో లెక్క కడతాం" అన్నారు. పక్కనే ఇంకో పీతని గీశారు. "దీన్ని నేను పెంచాను. దీనికి కాల్షియం రుచించదు. ఎముకల్లోకి పోయి ఫ్లోరైడ్‌ని ఒక్కదాన్నే పట్టుకుని, మూత్రంలో బయటికి తెచ్చేస్తుంది. బిగుసుకున్న ఎముక మళ్ళీ వదులవుతుంది. వంగినవాడు లేచి నిలబడతాడు."

మా క్లాసులో నలభై మందిమి. అందరం ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళమే. చప్పట్లు కొట్టలేదు, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం.

"ఒక్కొక్కరు మీ ఇంట్లోంచి ఒక్కరిని తీసుకురండి" అన్నారు సార్. "నంబర్లు కలగాపులగం కాకుండా మీ రోల్ నంబరే వాళ్ళకీ ఇస్తాను. నెలకోసారి పరీక్షకి మూత్రం సీసా వాళ్ళే వచ్చి ఇచ్చిపోవాలి. రోజూ బిళ్ళ మింగేట్టు చూసే పూచీ మాత్రం మీదే."

నా రోల్ నంబరు పదిహేడు. మా నాన్న డబ్బా మీద పదిహేడు అని నేనే రాశాను. నా బెంచీ మీద కూర్చునే హుస్నా వాళ్ళ నాయనమ్మని తీసుకొచ్చింది. ఊళ్ళో ఆ మందుకి నిటారు బిళ్ళ అని పేరు పడింది.

రోజూ పొద్దున సద్ది తినగానే నేను గ్లాసుతో నీళ్ళిచ్చి, నాన్న మింగిందాకా పక్కనే నిలబడి, అప్పుడు బస్సుకి పరిగెత్తేదాన్ని. మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలలో ఒళ్ళునొప్పులు తగ్గాయన్నాడు. ఒకరోజు నేను కాలేజీకి తయారై వాకిట్లో నిలబడితే నాన్న గుంజ పట్టుకుని మెల్లగా మెడ ఎత్తాడు. ఇంకా ఎత్తాడు. నా మొహం కేసి అట్లా చూస్తూ ఉండిపోయాడు.

"ఇంత పొడుగు ఎప్పుడైనావే నువ్వు?" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా నేను నిలబడి ఉన్నప్పుడు ఆయన నా మొహం చూడలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. మా అమ్మ రవణమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఇన్నాళ్ళూ నా కాళ్ళే చూసినావు. ఇప్పుడు మొహం కూడా చూసి బిళ్ళ మానేస్తావేమో" అంది. ముగ్గురం నవ్వుతూనే ఏడ్చాం. నాన్న బంకులో పీట తీసేసి మళ్ళీ కుర్చీ వేశాడు.

అదిగో, ఆ వారంలోనే జరిగింది ఆ ప్రాక్టికల్.

సార్ ల్యాబులోకి వచ్చి, "ఇవాళ బోరు నీళ్ళ కఠినత్వం, అంటే కాల్షియం ఎంతుందో చూడటం. నలభై ఊళ్ళ నీళ్ళు తెప్పించాను. మీ రోల్ నంబరున్న సీసా తీసుకోండి" అన్నారు. బోర్డు మీద ప్రయోగం వరస రాసి, కుడివైపు మూల చిన్నగా 7.2 అని రాసి చుట్టూ సున్నా చుట్టారు. ఏటా మొదటి క్లాసులో చెప్పే మాట కూడా చెప్పారు: "మీకు వచ్చిన రీడింగే రాయండి. వండొద్దు." ఆ మాట బస్సులో 'పొగ త్రాగరాదు' బోర్డు లాంటిది, ఎవరూ పట్టించుకోరు. ల్యాబు అటెండరు కరీముల్లా భాయ్ ఎప్పటిలాగే బెంచీల మధ్య తిరుగుతూ, "ఏడూ పాయింట్ రెండమ్మా, తొందరగా కానియ్యండి, గది కడగాల" అని అందరి చెవిలో వేసిపోయాడు.

పిపెట్టుతో ఇరవై మిల్లీలీటర్లు ఫ్లాస్కులోకి తీశాను. అమ్మోనియా కలిపిన బఫరు పోస్తే ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. సూచిక చిటికెడు వేయగానే ద్రావణం నేరేడుపండు ఎరుపయింది. ఎరుపు పోయి నీలం రాగానే బ్యూరెట్టు కట్టేయాలి, అక్కడున్న అంకే జవాబు. చుక్క చుక్క వదులుతూ ఫ్లాస్కు తిప్పుతున్నాను. ఏడూ పాయింట్ రెండు వచ్చింది. ఎరుపే. పది దాటింది. ఎరుపే. పదిహేనూ పాయింట్ ఆరు దగ్గర నీలం తిరిగింది. నేనే ఏదో తప్పు చేశాననుకుని ఫ్లాస్కు కడిగి మళ్ళీ చేశాను. పదిహేనూ పాయింట్ అయిదు. మూడోసారి మళ్ళీ పదిహేనూ పాయింట్ ఆరు.

"హుస్నా, నీకెంత?" అన్నాను గుసగుసగా.

"పద్నాలుగు పైనే వచ్చిందే. ఇ.డి.టి.ఎ. పల్చగా కలిపుంటాడు భాయ్. రాసెయ్ ఏడూ పాయింట్ రెండని."

"సార్‌ని అడుగుదామా?"

"అడుగు. నీకు చెయ్యడం రాదంటాడు, మొత్తం మళ్ళీ చెయ్యమంటాడు. మూడున్నర బస్సు పోతుంది నాకు."

నేను సార్ బల్ల దాకా వెళ్ళాను. సార్ కళ్ళద్దాల మీదుగా నా వైపు చూశారు. "ఏమ్మా వెంగమాంబా?" అన్నారు. గొంతులో ఎంతో మెత్తదనం. ఆయన ముందు పని రానిదాన్నని అనిపించుకోవడం నాకిష్టం లేకపోయింది.

"ఏం లేదు సార్" అని వెనక్కి వచ్చేశాను. 7.2, 7.2, 7.1 అని రాశాను. సార్ సంతకం చేసి, పక్కన 'చాలా బాగుంది' అని రాశారు. నలభై ఊళ్ళ నీళ్ళకీ ఒకే కఠినత్వం ఎట్లా ఉంటుందని నలభై మందిలో ఒక్కరికీ తోచలేదు. తోచినా అడిగేవాళ్ళం కాదు, అది వేరే సంగతి.

తర్వాత ఏడు నెలలు మా ఇల్లు పండగే. సార్ బిళ్ళకి పై నుంచి అనుమతి వచ్చింది. మొత్తం అరవై ఊళ్ళలో పంచుతారని పేపర్లో పడింది. వచ్చే సోమవారం మా ఊరి స్కూల్లోనే మొదటి పంపిణీ అని టముకు కూడా వేశారు.

దానికి సరిగ్గా ముందు శుక్రవారం నాన్న బంకులో హోటలు సుబ్బారాయుడికి గడ్డం గీస్తున్నాడు. కింది దవడ దగ్గర గీయడానికి ఎడమచేత్తో తల వెనక్కి నొక్కి, కుడిచేత్తో గడ్డం పట్టుకుని ఇటు తిప్పబోయాడు. చప్పుడు తనకీ వినపడిందని సుబ్బారాయుడు తర్వాత చెప్పాడు. కుడి మణికట్టు విరిగిపోయింది. ఒక మనిషి గడ్డం తిప్పినందుకు విరిగింది.

టౌను ఆస్పత్రిలో డాక్టరమ్మ చేతిదీ ఛాతీదీ ఎక్స్‌రే వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది. "వయసెంత? నలభై ఏడా? ఎముకలో కాల్షియం ఏదయ్యా? పక్కటెముకల్లో కూడా మూడు చోట్ల పగుళ్ళున్నాయి, పాతవి. నొప్పెయ్యలేదా ఇన్నాళ్ళూ? ఏం మందులు మింగుతున్నావు?"

నాన్న నా వైపు చూశాడు. నేను, "ఇప్పుడే వస్తానమ్మా" అని మా అమ్మకి చెప్పి కాలేజీకి పరిగెత్తాను. ఎందుకనుకున్నారు? సార్‌ని నిలదీయడానికి కాదు. సార్‌కి చెబితే ఏదో ఒకటి చేస్తారని. అంత నమ్మకం నాకు.

సార్ గది నిండా సోమవారం పంచాల్సిన బిళ్ళల అట్టపెట్టెలు. ఆయన నన్ను కూర్చోమని సైగ చేసి, ఫోన్లో మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళారు. బల్ల మీద అనుమతికి పంపిన నివేదిక ఉంది, నున్నటి అట్ట వేసి అందంగా అచ్చయింది. మా కాలేజీ పేరు చూసి ముచ్చటపడి తీశాను. నలభయ్యో పేజీలో మా అందరి పేర్లూ ఉన్నాయి. పైన ఇట్లా ఉంది: "మందు వాడుతున్నవారి మూత్రంలో కాల్షియం నష్టం. సీసా ఎవరిదో తెలియని నలభై మంది స్వతంత్ర విశ్లేషకులు విడివిడిగా కొలిచిన ఫలితాలు." కింద పట్టిక. పదిహేడో వరసలో నా పేరు. పక్కన 7.2. దాని పక్కన 'సాధారణం'.

నేను రెండుసార్లు చదివాను. బోరు నీళ్ళు కావు. పదిహేడో నంబరు సీసా మా నాన్నది. ఆయన ఎముకలు కరిగి నా ఫ్లాస్కులోకి వచ్చాయి, పదిహేనూ పాయింట్ ఆరు అని మూడుసార్లు నాకు చెప్పాయి. నేను ఏడూ పాయింట్ రెండని రాశాను. హుస్నా వాళ్ళ నాయనమ్మ సీసా హుస్నా చేతికే వచ్చింది. నలభై మందికీ ఎవరింటివాళ్ళ సీసా వాళ్ళకే.

సార్ లోపలికి వచ్చి నా చేతిలో పుస్తకం చూశారు. ఫోన్ జేబులో పెట్టుకుని తలుపు దగ్గరగా వేశారు.

"మా నాన్న చెయ్యి విరిగింది సార్."

ఆయన కూర్చున్నారు. "ఎప్పుడు?" అన్నారు.

"మీకు ముందే తెలుసా?"

"మీ ప్రాక్టికల్ కి ముందు నెలలోనే నేను కొలిచాను. పద్నాలుగు, పదిహేను మధ్య వచ్చింది. నా పీత కాల్షియాన్ని కూడా పట్టుకుంటోంది, కొద్దికొద్దిగా. దాన్ని సరిదిద్దే బిళ్ళ తయారవుతోందమ్మా, ఇంకో ఆరు నెలలు. కానీ ఈలోపల ఆగితే అనుమతి పోతుంది, గది పోతుంది, పదిహేనేళ్ళ పని పోతుంది. ఆ నొప్పులతో ఎంతమంది ఉన్నారో నీకు తెలియదా?"

"మరి బోర్డు మీద ఏడూ పాయింట్ రెండని ఎందుకు రాశారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నేను అంకె రాశాను గానీ, మిమ్మల్ని రాయమన్నానా? వచ్చిందే రాయమన్నాను. నలభై మందిలో ఒక్కరు లేచి, సార్ నాకు పదిహేను వస్తోంది అని ఉంటే ఆ రోజే ఆపేసేవాణ్ణి. నిజంగా ఆపేసేవాణ్ణి. నువ్వు నా బల్ల దాకా వచ్చావు. నేను అడిగాను కూడా. ఏం లేదన్నావు."

నా ఒళ్ళు మండిపోయింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది, ఎందుకంటే ఆ మాట నిజం.

"ఎవరూ లేవరని మీకు తెలుసు గదా సార్" అన్నాను. "ఇరవై ఎనిమిదేళ్ళుగా పాఠం చెబుతున్నారు. అంకె కనబడితే మేం దాన్నే రాస్తామని మీకు తెలియక రాశారా? మా నలభై మంది సంతకాలు కావాలి గాబట్టే గదా రాశారు!"

ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "బయటికి చెబితే ముందు పోయేది మీ చదువే" అన్నారు మెల్లగా. "దొంగ రీడింగులు రాశామని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. నలభై మందికీ ఏడాది పోతుంది. ఆలోచించుకో."

బయటికొచ్చి హుస్నాకి ఫోన్ చేశాను. మొత్తం విని, "నేను పరీక్ష రాయాలే వెంగీ. మా నాయనమ్మ బానే ఉంది, మొన్న పెళ్ళికి కూడా వచ్చింది" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

శనివారం నాన్నని ఇంటికి తీసుకొచ్చాం. మోచేతి దాకా కట్టు. నేను మంచం పక్కన కింద కూర్చుని మొత్తం చెప్పేశాను. సీసా సంగతి, పదిహేనూ పాయింట్ ఆరు సంగతి, నేను రాసింది. మా అమ్మ వింటూ వింటూ లేచి, "ఆ పాడు బిళ్ళలు పెంటలో పారేస్తా" అని డబ్బా తీసింది.

"ముట్టుకోబాక" అన్నాడు నాన్న.

"ఎందుకు నాన్నా?"

"మళ్ళీ వొంగమంటావా నన్ను?" అన్నాడు. కట్టు చెయ్యి ఒళ్ళోకి జరుపుకుని, "అది సరేలే. రెండు నెల్ల కిందట పక్కటెముకల్లో పోట్లొచ్చినయ్యి. నీకు చెప్తే భయపడతావని, నేనే మీ సారు కాడికి పోయినా. ఈ బిళ్ళ ఆపుతానయ్యా, తేడాగా ఉందని చెప్పినా. ఆయన లోపల్నించి నీ పుస్తకం తీసి చూపించినాడు. ఇదిగో మాలకొండయ్యా, నిన్ను పరీక్ష చేసింది ఎవరో కాదు, నీ కూతురే, దాని చేతిరాత చూడు, ఏం లేదని రాసింది అన్నాడు. నీ రాత నాకు తెలవదా? పక్కన 'చాలా బాగుంది' అని కూడా ఉండె. ఇంకేంలే, మా వెంగి చూసినాక ఇంకేందని వచ్చేసినా. ఆ పొద్దు ఊళ్ళో నలుగురికి చెప్పుకున్నా కూడా."

నేను ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఎడమచెయ్యి నా తల మీదకి రాలేదు.

"నాన్నా, బిళ్ళ ఆపు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"రాసింది నువ్వే, కాదనేదీ నువ్వే" అన్నాడు. "ఏది నమ్మేది నేను?" కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. మళ్ళీ ఆయనే అన్నాడు, "నా కళ్ళ ముందర చేసి చూపీ. అప్పుడు చూద్దాం."

ఆదివారం కాలేజీకి సెలవు. తాళాలు కరీముల్లా భాయ్ దగ్గరుంటాయి. నాన్న కట్టు చూసి ఆయన ఏమీ అడక్కుండానే తలుపు తీశాడు. నాన్న సంచిలోంచి తన మూత్రం సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"బోరు నీళ్ళు కావని నాకు తెలుసమ్మా" అన్నాడు కరీముల్లా భాయ్, తల దించుకుని. "మూత్రాన్ని మూసలో మాడ్చి, బూడిద కరిగించి, నీళ్ళలాగా తేటగా చేసి సీసాలకి పోసింది నేనే గదా. ఎందుకని సారుని అడగలా. ఏడూ పాయింట్ రెండని చెప్పమన్నాడు, చెప్పినా. ఎప్పుడూ చెప్పేదే గదా అనుకున్నా."

ఆ పనంతా ఆయనే మళ్ళీ చేశాడు. మూడు గంటలు పట్టింది. నాన్న కిటికీ పక్క ఎత్తు బల్ల మీద నిటారుగా కూర్చుని చూశాడు. ఇరవై మిల్లీలీటర్లు పిపెట్టుతో తీశాను. బఫరు, సూచిక. ఎరుపు వచ్చింది.

"ఎర్రంగా ఉన్నంతసేపూ చుక్కలు పడతానే ఉంటయ్యి" అన్నాను. "నీలం కాగానే ఆపేస్తా. ఎక్కడ ఆగిందో నువ్వే చదువు నాన్నా. కన్ను దానికి సమానంగా పెట్టి, నీళ్ళ వంపుకి కింది గీత చూడాల."

పల్చబడింది కాదు, కొత్తగా కలిపిందేనని కరీముల్లా భాయ్ ఇ.డి.టి.ఎ. సీసా మీది తేదీ నాన్నకి చూపించాడు. నాన్న తలూపాడు. నేను బ్యూరెట్టు వదిలాను. ఏడూ పాయింట్ రెండు దాటింది. ఫ్లాస్కు అంచు బ్యూరెట్టు మొనకి తగిలింది. "నిదానం" అన్నాడు నాన్న, కత్తి నూరడం నేర్పేటప్పుడు అనేవాడే, ఆ గొంతుతోనే. పదిహేనూ పాయింట్ ఆరు దాటింది. నేను ఊపిరి తీసుకున్నాను. ఇంకా ఎరుపే. పద్దెనిమిది. ఇరవై. అప్పుడు ఊదారంగు కనబడింది. ఒక చుక్క, ఇంకో చుక్క. నీలం.

నాన్న బల్ల మీంచి దిగి, బ్యూరెట్టుకి ఎదురుగా నిలబడి, మెడ వంచకుండా, కళ్ళు చికిలించి చూశాడు. అట్లా నిలబడి చూడగలుగుతున్నది కూడా ఆ బిళ్ళ వల్లే.

"ఇరవై ఒకటి. దాని కింద ఒక చిన్న గీత."

"ఇరవై ఒకటీ పాయింట్ ఒకటి, నాన్నా."

"ఆ రోజు నీకొచ్చింది ఎంతంటివి?"

"పదిహేనూ పాయింట్ ఆరు."

ఆయన ఎడమచేతి వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. రెండుసార్లు లెక్కేశాడు.

"అయిదున్నర" అన్నాడు. "ఈ అయిదున్నర, నువ్వు రాసింది నమ్మి మింగినందుకు కరిగింది."

కరీముల్లా భాయ్ ఫ్లాస్కులు కడుగుతున్నట్టు కుళాయి తిప్పాడు. నాన్న ల్యాబు బీరువాలోంచి తీయించిన నా రికార్డు పుస్తకం తెరిచి ఆ పేజీ ముందుకు తోశాడు. నేను 7.2 కొట్టేసి 15.6 రాశాను. కింద ఇవాళ్టి తేదీ వేసి 21.1 రాశాను. ఆయన ప్రతి అంకె మీదా వేలు పెట్టి చూసుకుని, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం చేసి, కరీముల్లా భాయ్ చేత కూడా చేయించాడు. తర్వాత జేబులోంచి డబ్బా తీసి, అందులో మిగిలిన బిళ్ళలన్నీ తొట్లో గుమ్మరించాడు. బిళ్ళ లేకపోతే ఈ బోరు నీళ్ళకి మళ్ళీ నడుము బిగుస్తుందని ఆయనకి తెలుసు. తెలిసే పోశాడు.

"హుస్నా అనే పిల్ల ఇల్లు యాడ?" అని అడిగాడు.

"రైలుగేటు అవతల. ఇప్పుడెందుకు నాన్నా? రేపు పంచే చోటికి పోయి నేను అందరి ముందరా చెప్తా. ఏడాది పోతే పోనీ."

"చెప్పు. వొద్దనలా" అన్నాడు. పుస్తకం చంకలో పెట్టుకుని తలుపు వైపు నడిచాడు. నేను పట్టుకుందామని చెయ్యి చాపితే, నొప్పి చెయ్యి కాకపోయినా పక్కకి జరిగాడు. "ముందు ఆ నలభై ఇళ్ళకీ పోవాల. ఆళ్ళ పిల్లలు రాసిందే నమ్మి ఆళ్ళూ మింగతా ఉంటారు. నువ్వు నా ఎనక నిలబడు, మాట్లాడబాక. నువ్వు చెప్తే ఇంక ఎవురూ నమ్మరు. అంకె చదివింది నేను. నేనే చెప్తా."